ఎర్రచుక్క ఇంజన్ వైపు

4వ తేదీ, బుధవారం

ఈ నోటుపుస్తకం మా ఆవిడది. సీటు కవర్ల కొలతలు రాసుకోవడానికి కొనుక్కుంది. మొదటి నాలుగు పేజీల్లో ఏ బండి సీటు ఎంత వెడల్పో, ఎంత గుడ్డ పడుతుందో ఉంది, తర్వాతంతా ఖాళీ. పొద్దున నేను బండినెత్తే జాకీతో మాట్లాడుతుంటే కుట్టుమిషన్ దగ్గర్నించి విని లేచొచ్చింది. "ఆ మాటలేవో ఇందులో రాసుకోండి, పాపం జాకీ ఏం చేసింది" అని దీన్ని నా ముందు పడేసి పోయింది.

జాకీతో మాట్లాడిన మాట నిజమే. పద్నాలుగేళ్ళు అన్న షెడ్డులో అన్నతో మాట్లాడుతూ పనిచేశాను. మాట్లాడుతూ అంటే సగం పోట్లాడుతూ. పికప్ బండికి సైడ్ స్టెప్పులు బిగించడం నాలుగు చేతుల పని. తలుపుల కింద పొడుగునా వచ్చే ఇనప మెట్టు అది. ఒకరు ఆ చివర ఎత్తి పట్టుకోవాలి, ఇంకొకరు కిందకి దూరి బోల్టులు ఎక్కించాలి. ఇప్పుడు షెడ్డు నా సొంతం, బోర్డు మీద పేరూ నాదే. ఆ చివర పట్టుకునేది మాత్రం జాకీ. దానితో కాక ఇంకెవరితో మాట్లాడను?

వేరుపడి ఇవాళ్టికి నలభై రోజులు. అన్న గురించి ఇందులో ఒక్క ముక్క రాయను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది.

ఇవాళ్టి సంగతి రాస్తాను. పాలావిడ బండి తిరిగొచ్చింది.

పాలావిడంటే పాల కేంద్రం నడిపే ఆవిడ. ఆరు పికప్పులున్నాయి. ఒక్కో బండిలో పాలు పరీక్ష చేసే ఆడమనిషి ఒకామె ఉంటుంది. బండి ఆగిన చోటల్లా దిగాలి, ఎక్కాలి. బండ్లేమో ఎత్తు. పోయిన నెల ఒకామె దిగుతూ జారి మణికట్టు విరగ్గొట్టుకుందట. అందుకని ఆరింటికీ మెట్లు పెట్టించాలనుకుని, ముందు ఒకటి చేసి చూపించమని నాకిచ్చింది. శనివారం బిగించి పంపాను. ఇవాళ డ్రైవరు పక్కన కూర్చుని ఆవిడే వచ్చింది.

బండి కడిగితే నీళ్ళు జారిపోకుండా మెట్టు వెనక చివర నిలబడుతున్నాయట, రెండు పక్కలా. అక్కడ కాలేస్తే జర్రున జారుతోందట. మెట్టు వెనక్కి వాలిందంది. నేను రసమట్టం తెచ్చి మెట్టు మీద పెట్టాను. దాని చివరనున్న ఎర్రచుక్క ఇంజన్ వైపు, ఎప్పట్లాగే. గాజుగొట్టంలో బుడగ రెండు గీతల మధ్య సరిగ్గా కూర్చుంది. వెంట్రుకవాసి తేడా లేదు చూడండి మేడం అన్నాను. ఆవిడ బుడగని చూసింది. చెంబుడు నీళ్ళు తెప్పించి మెట్టు మీద పోసి, వాటినీ చూసింది.

"బుడగ నీ మాట వింటోందయ్యా. నీళ్ళు వినడం లేదు."

లోడు పడితే సర్దుకుంటుందన్నాను. లోడు పడితేనే ఇంకా వాలుతోందంది. నిజమే, లోడు పడితే దిగేది బండి వెనక భాగమే కదా. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఇరవయ్యో తేదీ దాకా గడువిచ్చింది. ఆలోపు సరిచేస్తే మిగతా ఐదూ నావే. లేకపోతే ఆరూ మా అన్న షెడ్డుకి పోతాయి. పొద్దునా సాయంత్రం పాలు తేవాలి కాబట్టి బండి రోజూ మధ్యాహ్నం రెండు గంటల పాటు నా దగ్గర ఉంటుంది.

ఇది అన్న గురించి రాసినట్టు కాదు. పని గురించి.

5వ తేదీ, గురువారం

బుడగ మధ్యలోనే ఉంది. మూడుసార్లు చూశాను.

6వ తేదీ, శుక్రవారం

టేపు పట్టాను. నేల నుంచి మెట్టు ముందు చివరకి ఉన్న ఎత్తు కన్నా వెనక చివరకి అరంగుళం తక్కువ. రెండో పక్కా అంతే. టేపు వంకరంటోంది, బుడగ సమానమంటోంది. ఇద్దరూ నమ్మకస్తులే. ఇద్దరూ నిజమే చెబుతుంటే అబద్ధమాడుతున్నది నేలన్నమాట.

ఈ ఆలోచన రాగానే ప్రాణం లేచొచ్చింది. నేల పోసిన మేస్త్రి మీద నాకు మొదట్నించీ అనుమానమే. మా ఆవిడని పిలిచి నీళ్ళ ట్యూబు ఒక చివర చేతికిచ్చాను. ట్యూబు నిండా నీళ్ళు పోసి రెండు చివరలూ ఎత్తి పట్టుకుంటే రెండు చోట్లా నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి, నేల ఎక్కడ ఎంత వాలిందో దాచలేదు. నాలుగు మూలలూ తిరిగాం. నేలలో ఏ దోషమూ లేదు.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది" అంది మా ఆవిడ, ట్యూబు చుట్టుకుంటూ.

నేను నవ్వలేదు. బండి కిందకి దూరాక నవ్వాను.

ఇది రాస్తుంటే ఒకటి తోస్తోంది. అన్న షెడ్డులో కడిగిన నీళ్ళు వాటంతటవే గేటు వైపు పోయేవి. ఇక్కడ చీపురుతో తోస్తే తప్ప కదలవు. నీళ్ళు కదలని నేల వాలుగా ఎలా ఉంటుంది? రోజూ తోస్తున్నవాణ్ణి, ఆ మాత్రం ముందే తట్టలేదు.

8వ తేదీ, ఆదివారం

టైర్లలో గాలి చూశాను. నాలుగూ సమానం. కమాన్‌పట్టీలు చూశాను, బండి బరువు మోసే ఉక్కుపట్టీలవి, బానే ఉన్నాయి. ఇక మిగిలింది బిగింపు. మెట్టుని పట్టుకునే బ్రాకెట్లకి కంతలు పొడుగ్గా ఉంటాయి, మెట్టుని పైకీ కిందకీ జరుపుకోవడానికి. బోల్టులన్నీ సగం బిగించి, బుడగ చూసి, అప్పుడు మధ్యనుంచి చివరలకి బిగించుకుంటూ పోవాలి. బిగించేటప్పుడు మెట్టు జారుతోందేమో అనుకున్నాను. పానా తిప్పినప్పుడల్లా బుడగని చూడమని మా ఆవిడని కూర్చోబెట్టాను. ప్రతిసారీ "కదల్లేదు" అంది. పదహారు బోల్టులు, పదహారుసార్లు. ఆఖరికి ఆమె గొంతు ఎలా ఉందంటే, ఆ బుడగని నేనే కదలొద్దని కట్టేశానేమో అన్నట్టుంది.

టీ కొట్టు దగ్గర బియ్యం బస్తాలేసే ఒక పికప్ ఆగుతుంది. దాని మెట్లు పోయిన ఏడు అన్న షెడ్డులో నేనే బిగించాను. రేపు దాన్ని చూస్తాను.

9వ తేదీ, సోమవారం

చూశాను. చేతిలో నీళ్ళ సీసా పట్టుకుని, ఎవరూ చూడటం లేదనుకుని దాని మెట్టు మీద పోశాను. నీళ్ళు మెట్టంతా సమానంగా పరుచుకుని అంచునుంచి జారిపోయాయి. ఆ పక్కకి వెళ్ళి మళ్ళీ పోశాను. అంతే. ఇంతలో డ్రైవరు టీ గ్లాసుతో వచ్చి నా వెనకే నిలబడి, మొక్కేమైనా నాటావా అన్నాడు. పాతపని ఎలా ఉందో చూద్దామని అన్నాను. బ్రహ్మాండంగా ఉంది, అదే చేత్తో నా బావమరిది బండికీ పెట్టు అన్నాడు.

అదే చేత్తో. ఆ మాట పట్టుకుని పొద్దున్నించీ తిరుగుతున్నాను. చెయ్యి అదే. బ్రాకెట్లు ఇచ్చే కొట్టు అదే. రసమట్టమూ అదే, అక్కణ్ణించి తెచ్చుకున్నదే. అక్కడ తిన్నగా కూర్చున్న మెట్టు ఇక్కడెందుకు వాలుతుంది? చిరాకు మాట అటుంచితే, ఇంత తమాషా చిక్కు నాకెప్పుడూ రాలేదు. నిజం చెప్పాలంటే పాలావిడ గడువు కూడా కాసేపు మరిచిపోయాను.

10వ తేదీ, మంగళవారం

అక్కడున్నది, ఇక్కడ లేనిది ఒక్కటే. ఆ చివర పట్టుకునే మనిషి.

ఒకవేళ అన్న ఆ చివర తన చేత్తో సర్దేవాడేమో. నేను నా కన్ను అనుకున్నది అన్న చెయ్యేమో.

కాదు. అన్న పట్టుకునేవాడంతే, బుడగ చూసి ఆపమనేది నేను.

మేం వేరుపడిన రోజు సంగతి ఇక రాయక తప్పేలా లేదు. షెడ్డు నిండా జనం ఉన్నారు. ఒక బండివాడు మెట్టు మీద అరచెయ్యి పెట్టి చూసి, ఇంత తిన్నగా ఎవరు పెట్టారన్నాడు. అన్న నవ్వుతూ ఏదో అనబోయాడు. నేనే ముందు అందుకుని, "ఈ షెడ్డులో తిన్నగా కూర్చున్నవన్నీ నావే" అన్నాను. వేళాకోళానికే అన్నాను. పూర్తిగా వేళాకోళం కాదు. అప్పటికే నాలుగైదేళ్ళుగా నా కన్నుకి అన్నది సాటి రాదని నాకు గట్టి నమ్మకం. అన్న టేపు పట్టి, లెక్కేసి, మళ్ళీ కొలిచి ఒక మెట్టు పెట్టేలోపు నేను బుడగ చూసి రెండు పెట్టేవాణ్ణి. అన్న చేతిలో పానా కింద పెట్టాడు. మధ్యాహ్నం అన్నం దగ్గర, అంత తిన్నగా పెట్టేవాడివి విడిగానే పెట్టుకోరాదా అన్నాడు. నేను సరే అన్నాను. వదిన చేతిలో గరిట అలాగే ఉండిపోయింది.

సామాను పంచుకునేటప్పుడు పేచీ రాలేదు. పానాలు జతలు జతలుగా పంచుకున్నాం. ఒక్క ఫీలర్ గేజి మాత్రం ఎవరికీ వద్దు. సందులు కొలిచే సన్నటి ఉక్కురేకుల గుత్తి అది, అందులో అన్నిటికన్నా మందం రేకు ఎప్పుడో పోయింది. షెడ్డులో ఏది కనబడకపోయినా "ఆ రేకు దగ్గరికే పోయుంటుంది" అనుకునేవాళ్ళం. దాన్ని అన్న దగ్గరే వదిలేశాను. ఆఖర్న నేను రసమట్టం తీసుకోబోతే మాత్రం అన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది ఇక్కడుండనీరా. అక్కడ నీకు పనికిరాదు."

నా చేతికి అలవాటైన వస్తువు అదొక్కటి. అన్నకి అదీ ఇవ్వబుద్ధి కాలేదనుకున్నాను. సామాను మొయ్యడానికి వచ్చినవాళ్ళు చుట్టూ నిలబడే ఉన్నారు. నేను గుంజుకున్నట్టే తీసుకున్నాను.

12వ తేదీ, గురువారం

పాలావిడ డ్రైవరు ఇవాళ నీళ్ళు నమిలాడు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. నిన్న దారిలో అన్న షెడ్డు దగ్గర ఆపి చూపించిందట ఆవిడ. అన్న వంగి చూసి, అరచేత్తో మెట్టు తడిమి, నవ్వాడట. మీరే సరిచెయ్యండి అని ఆవిడంటే, అక్కర్లేదమ్మా, మా తమ్ముడే కనుక్కుంటాడు, ఇంకో వారం ఆగండి అన్నాడట.

అన్నకి తెలుసు. ఏం తప్పో తెలుసు. తెలిసి నవ్వాడు.

13వ తేదీ, శుక్రవారం

ఎందుకు నవ్వాడు?

14వ తేదీ, శనివారం

మా ఆవిడ వెళ్ళి అడగమంది. అడగనన్నాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఈవిడ అభిప్రాయం. ఫోను తీసి చేతిలో పెట్టింది. నేను దాన్ని జాకీ పక్కన పెట్టి పనిలో పడ్డాను. పనంటే, బుడగ మధ్యలో ఉందో లేదో చూడటం.

15వ తేదీ, ఆదివారం

వరసగా రాస్తాను, లేకపోతే కలగాపులగం అవుతుంది.

మా ఆవిడకి గుడ్డ కత్తిరించుకునే కొత్త బల్ల నిన్న వచ్చింది. దారపు ఉండ ఎక్కడ పెట్టినా దొర్లి కింద పడుతోందని పొద్దున్నించీ సణుగుతోంది. నేను పాలావిడ బండి కింద ఉన్నాను, ఆదివారం కాబట్టి బండి సాయంత్రం దాకా నా దగ్గరే. ఈవిడ రసమట్టం తీసుకుపోయి బల్ల మీద పెట్టింది. కాసేపటికి, ఇది పనిచెయ్యడం లేదండీ అని కేకేసింది. కిందనించే, ఎర్రచుక్క ఇంజన్ వైపు పెట్టి చూడు అన్నాను.

"నా బల్లకి ఇంజన్ ఎటుందండీ?"

సమాధానం చెప్పబోయి ఆగాను. ఈ మాట పద్నాలుగేళ్ళలో నన్నెవరూ అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు. ఎర్రచుక్క ఇంజన్ వైపు. అన్న మొదటి ఏడు చెప్పిన మాట. పానా కుడివైపు తిప్పితే బిగుస్తుందన్నట్టే ఇదీ చెప్పాడు, నేను అలాగే నేర్చుకున్నాను.

బయటికొచ్చాను. మా ఆవిడ రసమట్టం బల్ల మీద పెట్టి చూపించింది. బుడగ మధ్యలో ఉంది. దాన్నే ఎత్తి, చివరలు మార్చి, అదే చోట పెట్టింది. బుడగ పరుగెత్తి గీత దాటి ఒక మూలకి పోయింది.

"ఇలా పెడితే నా బల్ల సమానం, అలా పెడితే వంకర. బల్ల కదల్లేదండీ, నేను పట్టుకునే ఉన్నాను."

అటూ ఇటూ తిప్పినా బుడగ ఒకే మాట చెప్పాలి. చెప్పకపోతే రసమట్టమే తప్పు. గోడ కట్టే ప్రతి మేస్త్రీ చేసే పరీక్ష ఇది, చిన్నపిల్లలకీ చెప్పొచ్చు. నాకు తెలియదని కాదు. తిప్పాలని ఎప్పుడూ అనిపించలేదు. ఎర్రచుక్క ఇంజన్ వైపే ఉండాలి కదా మరి.

గాజుగొట్టాన్ని పట్టుకునే రెండు మరలూ విప్పాను. ఎర్రచుక్క లేని వైపు, గొట్టం కింద, ఒక ఉక్కురేకు. సన్నగా, నీటుగా, సరిపడా కత్తిరించి అంచులు అరగదీసి పెట్టింది. ఎవరు పెట్టినా ఓపిగ్గా పెట్టారు. రేకు మీద చిన్న అంకె ఉంది. వెలుగులోకి తెచ్చి చదివాను. ఫీలర్ గేజిలో పోయిన రేకు అది.

మా ఆవిడ ఏంటండీ ఏంటండీ అంటోంది. నేను రేకు మీద అంకె మళ్ళీ చదివాను.

16వ తేదీ, సోమవారం

నిన్న సగంలో ఆపాను. ఇప్పుడు అర్థమైంది రాస్తాను.

అన్న షెడ్డు నేల గేటు వైపు వాలు. బండ్లన్నీ ముక్కు లోపలికి, వెనక భాగం గేటు వైపు పెట్టి నిలబెట్టేవాళ్ళం. నేలతో పాటు బండీ కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. అక్కడ మెట్టు బండికి సరిగ్గా ఉండాలంటే అదీ అంతే వాలాలి. మామూలు రసమట్టం పెట్టి బుడగ మధ్యకి తెస్తే మెట్టు భూమికి సమానంగా ఉంటుంది, బండికి వంకరవుతుంది. అందుకే అన్న టేపు పట్టేవాడు.

నేను చేరిన కొత్తలో బుడగ చూసి మూడు బండ్లకి పెట్టాను. మూడూ తిరిగొచ్చాయి. బుడగని ఇంజన్ వైపు గీతకి ఇంత ఇవతల ఆపమని అన్న ఎన్నిసార్లు చెప్పాడో. ఒకసారి ఎక్కువ ఆపేవాణ్ణి, ఒకసారి తక్కువ. టేపు ఇస్తే లెక్క తప్పేవాణ్ణి. మూడో బండివాడు నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు. నాకు ఈ పని రాదు, ఎక్కడైనా గేటు దగ్గర కాపలా ఉద్యోగం చూసుకుంటానని ఏడ్చాను. పెళ్ళాం పిల్లలున్నవాడిలా ఏడ్చాను, అప్పటికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు. అది శనివారం. సోమవారం పొద్దున అన్న రసమట్టం నా చేతికిచ్చాడు. ఒక చివర ఎర్ర రంగు చుక్క, ఇంకా తడిగానే ఉంది, నా వేలికి అంటుకుంది. "ఇక గీతలూ గీట్లూ వద్దు. ఎర్రచుక్క ఇంజన్ వైపు పెట్టి బుడగని మధ్యకి తెచ్చెయ్, అంతే" అన్నాడు.

ఆ నేల వాలుకి సరిపడా గొట్టాన్ని ఎత్తి పెట్టిన రేకే, వాలు లేని నా నేల మీద మెట్టుని వెనక్కి వాల్చింది. ఆ వారం నుంచి నా పని కుదిరింది. నా కన్ను కుదిరిందనుకున్నాను. పద్నాలుగేళ్ళు అలాగే అనుకున్నాను. వాలు నేల మీద బుడగ మధ్యలో ఎలా నిలబడుతోందని ఒక్కరోజన్నా తట్టాలి కదా. తట్టలేదు. మెచ్చుకున్నవాళ్ళందరి మెప్పూ జేబులో వేసుకున్నాను. ఆఖరికి ఆ కన్నే చూపించి పదిమందిలో అన్నని చిన్నబుచ్చాను.

మద్దెల నిజంగానే ఓడని మా ఆవిడ నవ్వబోయి, నా మొహం చూసి మానేసింది.

17వ తేదీ, మంగళవారం

రేకు తీసేసి గొట్టం బిగించాను. అటూ ఇటూ తిప్పి చూశాను, బుడగ రెండుసార్లూ ఒకే మాట చెప్పింది. పాలావిడ బండికి పదహారు బోల్టులూ వదులు చేసి, వెనక చివర అరంగుళం పైకి తెచ్చి, మధ్యనుంచి బిగించుకుంటూ వచ్చాను. టేపూ బుడగా మొదటిసారి ఏకమయ్యాయి.

18వ తేదీ, బుధవారం

పాలావిడ చెంబుతోనే దిగింది. నీళ్ళు అంచునుంచి జారిపోయాయి, రెండు పక్కలా. పాలు పరీక్ష చేసే ఆమెని ఎక్కించి, దింపి, మళ్ళీ ఎక్కించింది. ఆమె చేతికి ఇంకా కట్టుంది. విరిగింది ఈమె చెయ్యేనని నాకు అప్పుడు తెలిసింది. మూడోసారి దేన్నీ పట్టుకోకుండా దిగింది. మిగతా ఐదూ సోమవారం నుంచి ఒక్కొక్కటీ పంపుతానంది పాలావిడ. ఏమిటయ్యా తప్పు అనడిగింది. నాదేనన్నాను.

ఇంతకాలం కోరుకున్నది ఇదే కదా. రెండు ముద్దలు కూడా సరిగ్గా తినలేదు.

19వ తేదీ, గురువారం

వెళ్ళాలి. రేపు.

మా ఆవిడ ఉతికిన చొక్కా తీసి కుర్చీ మీద పెట్టింది.

20వ తేదీ, శుక్రవారం

పొద్దున తొమ్మిదికి వెళ్ళాను. రసమట్టం ఒక చేతిలో, రేకు జేబులో. వదిన గేటు దగ్గరే కనిపించింది. యాభై రోజుల పైన అయింది నన్ను చూసి. బాగున్నావా అనలేదు, ఏం పని మీద అనలేదు.

"లోపలున్నాడు పో. ఎవరితోనో మాట్లాడుతున్నాడనుకుంటావు, జాకీతో. నువ్వెళ్ళిన దగ్గర్నించీ అదే వరస."

అన్న ఒక తెల్ల పికప్ కింద ఉన్నాడు. మెట్టు ఒక చివర భుజం మీద, రెండో చివర జాకీ మీద. నా చెప్పులు చూసి గుర్తుపట్టినట్టున్నాడు, మాట ఆగిపోయింది. నేను కూర్చుని, రేకు అరచేతిలో పెట్టి బండి కిందకి చాపాను. అన్న దాన్ని చూశాడు. తీసుకోలేదు.

ఎప్పుడు పెట్టావన్నాను. నువ్వు ఏడ్చిన శనివారం మర్నాడు అన్నాడు. ఎందుకు చెప్పలేదన్నాను. మొదట్లో చెబుదామనే అనుకున్నాడట, నాలుగు నెలలు పోతే నాకే పని వస్తుంది, అప్పుడు తీసేసి నవ్వుకుందామని. ఈలోపు నేను అందరికీ నా కన్ను గురించి చెప్పుకోవడం మొదలెట్టాను. ఇక చెప్పబుద్ధి కాలేదట. మరి సామాను పంచుకున్నరోజైనా చెప్పొచ్చు కదా అన్నాను.

"చుట్టూ మనుషులున్నారు కదరా. నువ్వు పదిమందిలో అన్నావని నేనూ పదిమందిలో అనాలా?"

ఆరోజు నేనన్నది తప్పన్నా అన్నాను. ఇంకా ఏదో అన్నాను, సరిగ్గా గుర్తులేదు. అన్న బండి కిందే పడుకుని, పైన చాసీ వైపు చూస్తూ విన్నాడు. పాలావిడ బండి చూసి ఎందుకు నవ్వావని కూడా అడిగాను. వారం రోజులుగా తొలుస్తున్నది అదే. అన్న మళ్ళీ నవ్వాడు.

"పద్నాలుగేళ్ళు. ఒక్కసారన్నా తిప్పి చూస్తావనుకున్నాను. దారినపోయే మేస్త్రి ఇచ్చుంటే చేతిలో పడగానే తిప్పి చూసేవాడివి. నేనిచ్చానని చూడలేదు. అది తెలిసి నవ్వొచ్చిందిరా."

నవ్వొచ్చిందన్నాడు కానీ, మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ అదే పనిలో ఉన్నాను. ఎవరి మొహం ఎవరికీ సరిగ్గా కనబడకుండా బండి మధ్యలో ఉంది, మంచిదే అయింది.

రేకు గేజిలో పెట్టెయ్యమన్నాను. గేజి అది లేకుండానే బతకడం నేర్చుకుంది, తీసినచోటే పెట్టు, ఇక్కడ నేలకి అదే కావాలి అన్నాడు. అక్కడే కూర్చుని మరలు విప్పి, రేకుని గొట్టం కింద మళ్ళీ పెట్టి బిగించాను. రసమట్టం ఇక అక్కడే ఉంటుంది. నేను ఇంకొకటి కొనుక్కుంటాను. కొట్లోనే తిప్పి చూసి మరీ కొంటాను.

"భుజం లాగేస్తోంది. వచ్చినవాడివి ఆ చివర పట్టుకో."

జాకీని పక్కకి లాగేసి పట్టుకున్నాను. అన్న బోల్టులన్నీ సగం బిగించి, టేపు కోసం చెయ్యి చాపబోయి ఆగాడు. రసమట్టం తీసి నాకందించాడు.

"ఎర్రచుక్క ఎటురా?"

"ఇంజన్ వైపన్నా" అన్నాను. కొంచెం ఎత్తు అన్నాడు, ఎత్తాను. కొంచెం దించు అన్నాడు, దించాను. బుడగ నెమ్మదిగా వచ్చి మధ్యలో ఆగింది.